పెడన పువ్వు, నాగసాకి అద్దకం

జపాన్ గురించి తెలుసుకోవాలంటే జపాన్ వెళ్లాలని అందరూ అంటారు. మేం లెస్టర్ వెళ్లాం. అక్కణ్ణుంచి మాంచెస్టర్ వెళ్లి, మళ్లీ లెస్టర్ మీదుగానే ఇంగ్లండ్‌లో మేముండే బేసింగ్‌స్టోక్ చేరాం. పాస్‌పోర్టులు బీరువాలోంచి కదల్లేదు. అయినా తిరిగొచ్చాక ఆఫీసులో ఎవరో "ఈస్టర్ సెలవులకి ఎక్కడికెళ్లావు?" అని అడిగితే, "జపానూ, పెడనా" అని నోటిదాకా వచ్చింది. ఎందుకో చెబుతాను.

మా అమ్మాయి లహరికి పదహారేళ్లు. ఇక్కడే పుట్టింది. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. ఈ కథనంలో దాని మాటలన్నీ నేను తెలుగు చేసి రాసినవే. జపాన్ బొమ్మల సినిమాలతో మొదలైన పిచ్చి ముదిరి, శనివారం క్లాసులకి వెళ్లి ఆ భాషే నేర్చుకుంది. మాంచెస్టర్‌లో జపనీస్ నేర్చుకునే పిల్లలకి ఉపన్యాస పోటీ పెట్టారనీ, తను ఎంపికైందనీ చెప్పినప్పుడు సంతోషించాను. కొంచెం ఉడుక్కున్నాను కూడా. అ ఆలు దిద్దిస్తానని నేను వెంటపడ్డ రోజుల్లో బాత్రూంలో దాక్కున్న పిల్ల, ఎవరూ అడక్కుండానే మూడు రకాల రాతలున్న భాష నేర్చేసుకుంది మరి.

వాళ్లమ్మ స్వాతి జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కులో, రిసెప్షనిస్టు. డ్యూటీల రోటాలో సెలవు దొరకలేదు. డబ్బా నిండా పులిహోర, ఇంకో డబ్బాలో జంతికలు పెట్టి, "దాన్ని దారంతా విసిగించకు" అని నన్ను హెచ్చరించి సాగనంపింది.

మోటార్‌వే మీద గుణింతం

వాన. లారీల వెనక నీళ్ల పొగ. లహరి నోరు తిరగడానికని పక్క సీట్లో జపాన్ అక్షరాలు వల్లె వేయడం మొదలెట్టింది.

"అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ."

నాకు తెలియకుండానే తరవాతి వరస అందుకున్నాను. ఆగి, "ఇది గుణింతం కదే!" అన్నాను.

"డాడీ, ప్లీజ్. నీకు ప్రపంచంలో అన్నీ ఇండియావే."

"సరే, క తరవాత వరసలేంటి?"

"క, స, త, న, హ, మ, య, ర, వ."

"మా బళ్లో క, చ, ట, త, ప. ఆ తరవాత య, ర, ల, వ. మీ వరసలో ఆ హ ఒక్కటే తేడా కొడుతోంది. అక్కడ ప ఉండాలి."

రోడ్డు పక్క సర్వీసుల దగ్గర ఆగి, నాలుగు పౌండ్లు పోసి కొన్న కాఫీ తెచ్చేసరికి లహరి ఫోనులో ఏదో చదువుతోంది. నా వైపు చూడకుండానే, "ఒకప్పుడు ఆ హ ని ప అనే పలికేవాళ్లట" అంది. బౌద్ధ భిక్షువులు మంత్రాలు సరిగ్గా పలకడం కోసం సంస్కృత అక్షరాలు నేర్చుకున్నారట. గ్రంథాలతో పాటు అక్షరాల వరసా చైనా మీదుగా జపాన్ చేరిందట.

నాలుగు పౌండ్ల కాఫీ నాకెప్పుడూ అంత బాగా అనిపించలేదు. గొప్పలు పోదామని నోరు తెరిచాను గాని స్వాతి మాట గుర్తొచ్చి జంతిక పెట్టుకున్నాను.

లెస్టర్: అంకుల్ ఇల్లు, పక్కిల్లు

లీసెస్టర్ అని రాసి లెస్టర్ అని పలికే ఊరు ఇది. చీరల కొట్లు, నగల కొట్లు వరసగా ఉన్న రోడ్డులో కారు దిగితే గుజరాతీ మాటలు, జిలేబీ వాసన. మూడు పౌండ్లకి పొట్లం నిండా వేడి శనగపిండి గాఠియాలు, పైన వేయించిన పచ్చిమిరపకాయలు. బేసింగ్‌స్టోక్‌లో అదే డబ్బుకి ఒక సమోసా వస్తుంది, అదీ చల్లగా.

మేం దిగింది మాకు పాత పరిచయమున్న ప్రసాద్ అంకుల్ ఇంట్లో. ఆయనది కడప. ఇక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్లు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. తలుపు తీస్తూనే, "రాండి రాండి, ముందు తిండి, తర్వాతే మాటలు" అని రాగి సంగటి ముందు కూర్చోబెట్టారు. తింటూ ఉండగా, "పాపా, నా పక్కింట్లోనే జపాన్ ఆమె ఉండాది. పేరు ఎమికో. పోటీకి పొయ్యే ముందర ఒకసారి ఆమెకి వినిపిస్తే మంచిది గదా" అన్నారు. ఆయన అప్పటికే ఆమెతో మాట్లాడి టైము కూడా ఖాయం చేశారు.

ఎమికో గారికి డెబ్భై దాటాయి. లెస్టర్ కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని వయసులో ఉండగానే వచ్చేశారు. భర్త పోయారు. చిన్న మనిషి, చిన్న గొంతు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పమంటారేమోనని ఇంగ్లీషువాళ్లు తటపటాయిస్తారట. మేం ముగ్గురం అడక్కుండానే విప్పేసి వరసగా పెట్టడం చూసి ఆవిడ ముఖం విప్పారింది.

వెనక గదిలో చాపల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పక్కన పసుపుపచ్చ కేకు. గోడకి పటంలో ఒకావిడ, చేతిలో వీణలాంటి వాయిద్యం. అంకుల్ ఆ పటానికి చేతులు జోడించి, "సరస్వతమ్మ. ఇక్కడ ఈమె పేరు బెంజైతెన్ అంట. నేను ఎప్పుడొచ్చినా దండం పెట్టుకుంటా" అన్నారు.

"కేకు చాలా బాగుంది, జపాన్‌దా?" అని అడిగాను.

"పోర్చుగీసువాళ్లది" అన్నారు ఎమికో గారు. "టీ చైనా నుంచి వచ్చింది. మధ్యాహ్నం నేను తిన్న కూరన్నం ఇంగ్లండ్‌ది."

"కూరా? ఇంగ్లండ్‌దా?" అంకులూ నేనూ ఒకేసారి అడిగాం.

"మీ కూరని వీళ్లు పొడి చేసి డబ్బాలో పెట్టారు. ఆ డబ్బా మాకు వీళ్లే తెచ్చిచ్చారు. చిన్నప్పుడు మేం దాన్ని పాశ్చాత్యుల వంట అనుకునే తినేవాళ్లం."

"మరి ఈ గదిలో మీదేమిటండీ?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించారు. "వడ్డించడం" అన్నారు.

లహరి నవ్వలేదు. దాని ఉపన్యాసం నేను కారులో ఇంగ్లీషులో విన్నాను. జపాన్ రెండు వందల ఏళ్లకి పైగా తలుపులు మూసుకుని కూర్చుంది కాబట్టే అక్కడి కళలు ఎవరి చెయ్యీ పడకుండా స్వచ్ఛంగా మిగిలాయన్నది దాని సారం. ఎమికో గారి ముందు లేచి నిలబడి అప్పగించింది. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. రెండు మాటల ఉచ్చారణ సరిదిద్దారు. విషయం గురించి ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి అరచేతిలో పట్టే గుడ్డసంచి ఒకటి తెచ్చి లహరి ముందు పెట్టారు. టీపొడి డబ్బా పెట్టుకునే సంచి. వాళ్లమ్మగారిదట.

"ఈ రకం గుడ్డని మేం సరసా అంటాం. తలుపులు మూసిన రోజుల్లో కూడా నాగసాకిలో డచ్చివాళ్ల ఓడలకి ఒక్క కిటికీ తెరిచి ఉండేది. టీ వేడుకలు నడిపే పెద్దలు ఈ ముక్కల కోసం పడి చచ్చేవాళ్లు" అన్నారు.

నాకు ఆ మాటలు సగమే వినబడ్డాయి. సంచి మీదే ఉన్నాయి కళ్లు. వంపు తిరిగిన తీగ, తీగకి ఎర్రటి పువ్వు, రేకు అంచున సన్నటి నల్లగీత. ఆ పువ్వు నాకు తెలుసు. మాది పెడన. బందరు పక్కన కలంకారీ అద్దకాల ఊరు. మా నాన్న, ఆయన నాన్న, అందరూ అద్దకం పనిలోనే బతికారు. ఇప్పుడు మా మాధవక్క షెడ్డు నడుపుతోంది. నేనొక్కణ్ణే కంప్యూటర్లలో పడి ఇటొచ్చాను. ఆ పువ్వు చెక్కిన అచ్చుని నా చేతులతో కడిగాను. గుడ్డ నానబెట్టే కరక్కాయ నీళ్ల వగరు వాసన ముక్కుకి తగిలినట్టయింది.

"ఇది మాది!" అన్నాను. గొంతు కొంచెం ఎక్కువే లేచింది. "డచ్చివాళ్ల ఓడలు ఎక్కణ్ణుంచి వెళ్లాయనుకున్నారు? మా బందరు రేవు నుంచి. ఇది మా ఊరి అద్దకం!"

"చూసినావామ్మా, మనోళ్లు యాడిదాకా పోయినారో!" అన్నారు అంకుల్ తొడ చరుచుకుని.

ఎమికో గారు నా ముఖం వైపు చూసి చిరునవ్వు నవ్వారు. "ఔను, ఈ పువ్వు మీ ఊరిదే" అన్నారు. ఇంకేదో అనబోయి, టీ పోశారు. వెళ్లేటప్పుడు ఆ సంచిని లహరి చేతిలో పెట్టి, "పోటీలో చూపించు. తిరిగొచ్చే దారిలో ఇద్దువుగాని" అన్నారు.

నేను ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. మూడు వందల ఏళ్ల కిందట మన పెడన నుంచి జపాన్ వెళ్లిన గుడ్డ అని రాశాను. పూలదండల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు కురిశాయి. లహరి పాత ఉపన్యాసం చింపేసి కొత్తది మొదలెట్టింది. మొదటి వాక్యం నాకు చదివి వినిపించింది: "ఈ గుడ్డ మా నాన్న పుట్టిన ఊళ్లో పుట్టింది." నేను ఏం చెప్పినా ఇంతకాలం కళ్లు తిప్పుకున్న పిల్ల, నా మాటని మొదటి వాక్యం చేసుకుంది.

మాంచెస్టర్: సంచి వెనకవైపు

మాంచెస్టర్‌లో కారు పార్కింగుకి పెట్టే డబ్బుతో పెడనలో పెద్ద భోజనం నలుగురు తినొచ్చు. అందుకని కారు ఊరి బయటే వదిలి ట్రామెక్కాం. ఎక్కాక తెలిసింది అది ఊరి బయటికే పోతోందని. రెండు స్టాపులు పోయి దిగి, వానలో అటు ప్లాట్‌ఫారం మీద నిలబడి, మళ్లీ ఎక్కాం. సంచిని మాత్రం లహరి కోటు లోపల దాచింది. తను తడిసింది, అది తడవలేదు.

ఆ పూట కట్సు కర్రీ తిన్నాం. పద్నాలుగు పౌండ్లు. రొట్టెపొడిలో దొర్లించి వేయించిన కోడిముక్క, పక్కన గోధుమరంగు పులుసు, ముద్దగా వండిన అన్నం. పక్క బల్ల దగ్గర ఇంగ్లీషు కుర్రాళ్లు పుల్లలతో తింటూ, జపాన్ వంట జపాన్ వంటే అనుకుంటున్నారు. వాళ్ల ముత్తాతలు పంపిన పొడే, మారువేషంలో ఇంటికొచ్చింది. పచ్చిమిరపకాయ ఉందా అని అడిగితే వడ్డించే అమ్మాయి జాలిగా చూసింది.

పోటీ రోజు పొద్దున గెస్ట్‌హౌస్‌లో లహరి జడ వేసుకుంటోంది. సంచి కిటికీ పక్క బల్ల మీద ఉంది. ముందురోజు కోటు జేబులో నలిగి, లోపలి అస్తరు కుట్టు ఒకచోట ఊడినట్టుంది. సర్దుదామని వేలితో తెరిచాను. వెలుగు సరిగ్గా లోపల పడింది. గుడ్డ వెనకవైపు తెల్లగా ఉంది.

ఇంకోసారి చూశాను. ముందువైపు అంత చిక్కటి ఎరుపు, వెనక దాని జాడే లేదు. మా అద్దకంలో పటిక అద్దిన గుడ్డని ఎర్రరంగునిచ్చే చిరివేరు వేసిన గంగాళంలో ఉడికిస్తారు. రంగు దారంలోకి దిగుతుంది. వెనక్కి తిప్పినా పువ్వు కనబడి తీరాలి. ఇదేమో పైపైన కుంచెతో పూసిన రంగు. పువ్వు అంచుల్ని పట్టి చూస్తే కాగితం కత్తిరించి, ఆ ఖాళీలోంచి అద్దినట్టు మధ్యమధ్య సన్నటి ఎడాలున్నాయి. పువ్వు మాదే. చెయ్యి మాది కాదు.

లహరి అద్దంలోంచి నన్ను చూసింది. "ఏంటి డాడీ?"

చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. అది గెలవచ్చు కూడా. కాని అబద్ధాన్ని దాని నోటితో, అంతమంది ముందు నేనెలా చెప్పించను?

"ఇది మన ఊళ్లో అద్దింది కాదే. మనది చూసి జపాన్ వాళ్లు అద్దుకున్నది" అన్నాను. సంచి వెనకవైపు చూపించి, రంగు సంగతి చెప్పాను.

"నువ్వు చెప్పావు కదా! ష్యూర్‌గా చెప్పావు. చుట్టాలందరికీ పెట్టావు! నేను మొత్తం దాని మీదే రాశాను!"

"తప్పు నాదే. పువ్వు చూడగానే గుడ్డ తిప్పి చూడ్డం మర్చిపోయాను."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి దానికి. సంచిని తీసుకుని కిటికీ దగ్గర నిలబడింది. తిప్పింది, మళ్లీ తిప్పింది. కొంతసేపటికి, అక్కడే నిలబడి, "డాడీ, ఈ కాగితం కోయడానికి ఎంత టైం పడుతుంది?" అంది.

"చాలా రోజులు. కత్తి ఒక్కసారి జారితే మొత్తం పోతుంది."

"అంటే వాళ్లకి అంత నచ్చిందన్నమాట" అంది. పెన్ను వెతుక్కుంది.

హాల్లో

హాలు నిండుగా ఉంది. నాకు జపనీస్ ముక్క రాదు. అదృష్టం కొద్దీ పక్కన కూర్చున్నమ్మాయి ఫోనులో తెలుగు మాట్లాడుతూ దొరికింది. పేరు శ్రావణి, కరీంనగర్. ఇక్కడ మాస్టర్స్ చేస్తూ, జపాన్‌లో ఉద్యోగం కోసం భాష నేర్చుకుంటోంది. సంగతి చెప్పగానే, "పరేషాన్ గాకుండ్రి అంకుల్, నేను చెప్తుంట గదా" అంది.

లహరి కంటే ముందు యార్క్ కుర్రాడొకడు జపాన్ రైళ్ల గురించి మాట్లాడాడు. మొదటి పట్టాలు, ఇంజన్లు, నేర్పిన ఇంజనీర్లు ఇంగ్లండ్ నుంచే వెళ్లారని అతను చెబుతుంటే హాల్లో సగంమంది ఛాతీలు ఉబ్బాయి. ఇలా మురిసిపోయేది మేమొక్కళ్లమే అనుకున్నాను, అందరూ అంతేనన్నమాట.

తరవాత లహరి. కాగితం తీసుకెళ్లలేదు. చేతిలో సంచి. శ్రావణి నా చెవిలో చెబుతూ పోయింది.

"నిన్నటిదాంక ఇది మా నాయిన ఊర్ల తయారైందనుకున్న అంటుంది... పొద్దున ఎనక్కి తిప్పి జూస్తే గాదని తెల్సింది అంటుంది. మొదలు ఏడుపొచ్చిందట... అంకుల్, అందరు నవ్వుతున్రు, మంచిగనే నవ్వుతున్రు... గిప్పుడు ఏమంటుందంటే, కొనుక్కునేటోడు మెచ్చుకున్నట్టు గాదు, కూసొని నేర్సుకునేటోడే మెచ్చుకున్నట్టు అంటుంది. గుడ్డ ఓడల వచ్చింది గని, పువ్వు మాత్రం చేతులల్లకి వచ్చింది అంటుంది. మస్తు చెప్పింది అంకుల్!"

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన ఒకరు మైకు తీసుకున్నారు. అనుకరణ అంటే అసలు కన్నా తక్కువది కాదా అని అడిగారట. లహరి కాసేపు మాటలు వెతుక్కుంది.

"నేను మీ అక్షరాలు ఒక్కొక్కటీ పేజీ నిండా చూసి రాసి నేర్చుకున్నాను. వాటిని నకిలీ అక్షరాలని ఎవరూ అనలేదు. ఇప్పుడవి నా అక్షరాలు."

శ్రావణి అనువాదం పూర్తయ్యేలోపే చప్పట్లు మొదలయ్యాయి. పెద్దాయన మైకు పక్కన పెట్టి తనూ కొట్టారు. నేను కొట్టలేకపోయాను. రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి.

మొదటి బహుమతి రైళ్ల కుర్రాడికి వచ్చింది. భాషలో తప్పులు దొర్లాయని లహరికి రెండోది. దిగొచ్చి, "ఓ విభక్తి మింగేశాను" అని తలపట్టుకుంది. శ్రావణి దాన్ని వాటేసుకుని, "మింగితే మింగినవ్ తియ్, పువ్వు గురించి చెప్పింది ఎవ్వరు మర్వరు" అంది. పెద్దాయన వచ్చి లహరితో ఏదో అన్నారు. మిగతా పిల్లలు జపాన్‌కి ఏమేం అందాయో చెప్పారనీ, జపాన్ వాటితో ఏం చేసుకుందో తనొక్కతే చెప్పిందనీ అన్నారట.

మళ్లీ లెస్టర్

తిరుగుదారిలో నాకు ఒకటే బెంగ. ఎమికో గారు వాళ్లమ్మ సంచి ఇండియా గుడ్డ అనుకుంటూ దాచుకున్నారేమో. నిజం చెబితే ఆవిడ మనసు ఎంత కష్టపడుతుందో. లెస్టర్ చేరాక గుమ్మంలోనే సంచి చేతికిచ్చి, కుట్టు ఊడినందుకు క్షమాపణ చెప్పి, నసుగుతూ విషయం బయటపెట్టాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నాకు తెలుసు. మా అమ్మ పుట్టింటివాళ్లు నాగసాకి దగ్గర అద్దకంవాళ్లు. ఇది మా ముత్తాత చేతి పని."

"మరి ఆ రోజు చెప్పలేదేమండీ?"

"చెప్పబోయాను. మీ ముఖంలో అంత సంతోషం చూశాక మాట రాలేదు. పువ్వు మీ ఊరిదే అని మాత్రం అన్నాను. అది నిజమే కదా. గుడ్డ తిప్పి చూస్తే మీకే తెలుస్తుందనుకున్నాను."

"దీన్ని మా భాషలో మొహమాటం అంటారండీ" అన్నాను.

"మొ-హ-మా-ట-ము" అని ఆవిడ ఒక్కో అక్షరం రుచి చూసినట్టు పలికారు. "జపనీస్ మాటలాగే ఉంది. ఎరువిస్తారా?"

తీసుకోండి, మా ఇంట్లో చాలా ఉందన్నాను.

లహరి తన ఉపన్యాసం మొత్తం మళ్లీ చెప్పింది, ఈసారి ఆవిడ ఒక్కరి కోసం. విన్నాక ఎమికో గారు సంచిని బల్ల మీద పెట్టి లేచారు. నాకు అర్థమవ్వాలని ఇంగ్లీషులోనే మాట్లాడారు.

"మా ముత్తాతకి ఈ పువ్వు సముద్రం అవతలి నుంచి వచ్చిందని మాత్రమే తెలుసు. ఏ ఊరో తెలీదు, ఎవరి చెయ్యో తెలీదు. నేర్పినవాళ్లు ఎవరో తెలియకపోతే దణ్ణం ఎవరికి పెట్టాలి? ఇప్పుడు తెలిసింది."

రెండు చేతులూ తొడల మీద ఆనించి, నడుము దాకా వంగారు. ఆ వయసులో అంత కిందికి. వంగి అలాగే ఉన్నారు. పెద్దావిడ నాకు వంగడమేమిటని కంగారుపడి, ఏం చేయాలో తెలియక చేతులు జోడించాను. పక్కన లహరి కూడా వంగింది. ఆ గదిలో కొంతసేపు ఎవరం తల ఎత్తలేదు. ఆ దణ్ణం నా పేరు మీద ఉంచుకోదగ్గది కాదని మాత్రం తెలుస్తోంది.

కారులో కూర్చోగానే పెడనకి ఫోన్ చేశాను. మాధవక్క అప్పుడే షెడ్డు మూసి ఇంటికొచ్చిందట. స్పీకర్ పెట్టి, వాట్సాప్‌లో నేను పెట్టింది తప్పని మొదలుపెట్టి అంతా చెప్పాను. కాగితం కోసి అద్దిన పువ్వు, ముత్తాత, ఎమికో గారు వంగడం. అక్క ఊఁ కొడుతూ వింది. గొప్పగా ఏదో అంటుందనుకున్నాను.

"అది సరే గాని తమ్ముడూ, వాళ్లు అద్దింది ఎట్టా ఉంది? గీత తిన్నగా వచ్చిందా? రంగు నిలిచిందా?" అంది.

నేను నోరు తెరిచేలోపు లహరి ఫోన్ మీదికి వంగి, తడుముకుంటూ, తెలుగులోనే జవాబు చెప్పింది.

"నిలిచింది అత్తా. వంద ఏళ్లు అయినా నిలిచింది."

అవతల అక్క తృప్తిగా నిట్టూర్చడం వినబడింది.

"అయితే వాళ్లూ మనవాళ్లేనే" అంది.